2004 యూరో: ఇటలీని ముంచింది మొత్తం గోల్ తేడా కాదు

2004 యూరో ఫుట్‌బాల్ టోర్నీలో ఇటలీ మొత్తం గోల్ తేడాతో (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలేది) గ్రూప్ దశలోనే ఇంటికెళ్లిందని ఒక వ్యాసంలో రాశారు, అది సరికాదు. యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంఘం) నిబంధనలో ముందు చూసేది సమాన పాయింట్లున్న జట్ల మధ్య మ్యాచ్‌లనే. బల్గేరియాతో కలిపి నాలుగు జట్ల గ్రూప్‌లో ముందుకెళ్లేది రెండే; స్వీడన్, డెన్మార్క్, ఇటలీలకు తలా 5 పాయింట్లు. బల్గేరియా మ్యాచ్‌లు తీసేస్తే మిగిలినవి మూడూ డ్రాలే: ఇటలీ-డెన్మార్క్ 0-0, ఇటలీ-స్వీడన్ 1-1, స్వీడన్-డెన్మార్క్ 2-2. పాయింట్లూ, గోల్ తేడా సమానం. అప్పుడు కొట్టిన గోల్స్: స్వీడన్ 3, డెన్మార్క్ 2, ఇటలీ 1. అంతే, బల్గేరియాపై పది గోల్స్ కొట్టినా లాభం లేదు. అదే ఆఖరి స్వీడన్-డెన్మార్క్ మ్యాచ్ 1-1 అయ్యుంటే ఇటలీ, డెన్మార్క్ మళ్లీ సమానమై, అప్పుడు మొత్తం గోల్ తేడా లెక్కలోకి వచ్చేది. 0-0 అయితే డెన్మార్కే ఔట్. తమాషా ఏంటంటే, అప్పటి ప్రపంచకప్ పద్ధతిలో మొత్తం గోల్ తేడా చూసినా స్వీడన్ +5, డెన్మార్క్ +2, ఇటలీ +1. ఇటలీని బయటికి పంపడానికే స్వీడన్, డెన్మార్క్ 2-2 కుదుర్చుకున్నాయి, ఇది కుట్ర అన్నవాళ్లు ఈ లెక్క చూడలేదు!