రూత్ లెస్లీ ఎవరండీ?

తెనాలిలో మా బాబాయి ఫోన్‌లో ఎవరికో గులాబీ కొమ్మలు కత్తిరించడం గురించి పాఠం చెబుతున్నాడు. "నెలన్నరలో మొగ్గలొస్తాయి సార్, నేనైతే ఎప్పుడూ రూత్‌లెస్లీనే!" అన్నాడో లేదో, పిన్ని గారెల పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చేసింది. (ముందే చెబుతున్నా, నేను పిన్ని పార్టీ.)

"ఎవరండీ ఆ రూత్ లెస్లీ?"

"ఎవరూ కాదే! ఇంగ్లీషు మాట. నిర్దాక్షిణ్యంగా అని."

"పేరూ ఇంటిపేరూ ఉంటే మాటంటారేం? పైగా 'ఎప్పుడూ' అట!"

"రూత్ అంటే జాలి. లెస్ అంటే లేకుండా. చివర లీ అంటే మన 'గా'."

"బైబిల్లో రూతు మొగుడు పోయినా అత్తగారిని వదల్లేదు. మా మిషన్ స్కూల్లో చెప్పారు. అంత మంచి పిల్లని పట్టుకుని జాలి లేదంటారా?"

"ఆ రూతు వేరు, హీబ్రూ పేరు. ఇది 'రూ' అనే పాత క్రియ, అంటే బాధపడటం. ట్రూలోంచి ట్రూత్ వచ్చినట్టు రూలోంచి రూత్ వచ్చింది."

"అయితే మీకు నా మీద రూత్ ఉందా?"

"అలా అనరు. రూత్ ఒక్కటే ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. రూత్‌లెస్ మిగిలింది."

"జాలి పోయి, జాలి లేకపోవడం మిగిలిందన్నమాట. అచ్చం మీ వంశంలాగే."

బాబాయి కాసేపు గులాబీ కుండీ వైపు చూశాడు.

"పోనీ క్రూయల్లీ అనొచ్చుగా? అదైతే ఆడమనిషి పేరులా ఉండదు."

"రెండూ ఒకటి కాదు. క్రూయల్లీలో ఎదుటివాణ్ణి ఏడిపించడం ఉంటుంది. రూత్‌లెస్లీ అంటే అనుకున్నది జరగడం కోసం జాలిని పక్కన పెట్టడం. ఖర్చులు రూత్‌లెస్లీ తగ్గిస్తారు, క్రూయల్లీ తగ్గించారంటే నవ్వుతారు."

"అర్థమైంది. ఇవాళ మీకు గారెలు రెండే."

"ఇది క్రూయల్లీ!"

"కొలెస్ట్రాల్ చూసి డాక్టరు చెప్పాడు కాబట్టి రూత్‌లెస్లీ."

బాబాయికి నోట మాట రాలేదు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాడు మరి. మూతి ముడుచుకుని రెండూ తిన్నాడు, అల్లప్పచ్చడి గిన్నె కూడా వేలితో తుడిచేశాడు. అప్పుడు పిన్ని, ఎటో చూస్తూ, కంచంలో ఇంకో సగం గారె పడేసింది.

"ఇదేమిటే?"

"రూత్."

"మరి మిగతా సగం?"

"లెస్లీ వస్తుందేమోనని దాచాను."