స్పెషల్ ఎడ్యుకేటర్ పోస్టు గారికి, వయా సుప్రీంకోర్టు

మహారాజశ్రీ పోస్టు గారికి,

బడులు తెరిచారు. వైకల్యమున్న పిల్లలకు చదువు చెప్పే కొలువు తమరు, ఈ జూన్‌లోనూ దయచేయలేదు. అడిగితే ‘ప్రక్రియ నడుస్తోంది’ అన్నారు. పాపం, ఎక్కడినుంచి బయల్దేరిందో.

రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు తమరిని రమ్మన్నది 2021 అక్టోబరు 28న. ప్రాథమిక తరగతుల్లో అలాంటి పిల్లలు పదిమందికి ఒకరు, ఆపైన పదిహేనుమందికి ఒకరు. గడువు ఆరు నెలలు, లేదా 2022-23 విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు, ఏది ముందైతే అది. 2025 మార్చి 7న కోర్టు మళ్లీ చూస్తే, తమరు ఎంతమంది కావాలో కూడా చాలా రాష్ట్రాలు తేల్చలేదు. మార్చి 28లోగా తేల్చమని ఇంకో గడువు. తెలంగాణ 2024 డీఎస్సీలో 220 స్కూల్ అసిస్టెంట్లు, 796 ఎస్జీటీలు అంది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 అంది. సంతోషమే.

మింగుడుపడనిది ఆ ‘పది’. ఏ పది? ఊరి బడిలో పదిమంది ఎక్కడుంటారు? ముగ్గురో నలుగురో ఉంటారు. అందుకని నాలుగైదు బడులు కలిపి లెక్క కడతారు. అప్పుడు తమరు టీచరు కాదు, బస్సు ప్రయాణికుడు. పైగా ఆ ముగ్గురిలో ఒకరికి వినపడదు, ఒకరికి కనపడదు, ఒకరికి బుద్ధి ఎదుగుదల తక్కువ. స్పెషల్ బీఈడీ చేసేదేమో ఒక్కో లోపానికి ఒక్కోటి. చెవిటి పిల్లల చదువులో శిక్షణ పొందినాయన బ్రెయిలీ పలక మీద చుక్కలు ఎలా దిద్దుతాడు? నిష్పత్తికి తలలు లెక్కపెట్టడమే వచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 21 ఉన్నాయన్న సంగతి దానికి పట్టదు.

ఒక్క వినికిడి యంత్రం సంగతి చెప్తా, విను. క్యాంపులో యంత్రం ఇచ్చారు, ఫొటో తీశారు, ‘ఉపకరణం అందింది’ అని రాసుకున్నారు. పిల్ల చెవి పెరుగుతుంది, దానికి అచ్చుపోసి చెవిలో పెట్టిన మౌల్డు పెరగదు. వదులైతే కీచుమంటుంది, క్లాసంతా నవ్వుతుంది, పిల్ల తీసి సంచిలో పడేస్తుంది. బ్యాటరీ స్టిక్కరు ఒకసారి పీకితే, వాడినా వాడకపోయినా అది కొన్ని వారాల్లో ఖాళీ. రోజూ పొద్దున టీచరు నోటికి కాగితం అడ్డంపెట్టుకుని ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అని ఆరు ధ్వనులు పలకాలి, పిల్ల తిరిగి అనాలి. ‘స్’ అందలేదంటే సన్న ధ్వనులు చెవికి చేరడంలేదన్నమాట, మౌల్డో యంత్రమో చూడాలి. రెండు నిమిషాల పని, కానీ రోజూ. వారానికోసారి దిగేవాడికి తెలిసేసరికి ఆ పిల్ల వారం పాటు గోడను చూస్తూ కూర్చుని ఉంటుంది. రిజిస్టరులో మాత్రం హాజరే!

అయిదు దాటి ఆరులోకి రాగానే పది పదిహేనవుతుందేం? లోపం కూడా పాసైపోయిందా? వైకల్యమున్న ఆడపిల్లకిచ్చే స్టైపెండు నెలకు 200 రూపాయలు, అదీ పది నెలలకే. వేసవిలో వైకల్యానికీ సెలవులు కాబోలు. ఇక అక్షరాలు తారుమారయ్యే పిల్లాడు ‘మొద్దు’ ఖాతాలోనే ఉన్నాడు, వాడు నీ పదిలోకి రానేలేదు.

నువ్వు లేవని పని ఆగిందనుకోకు. మండలంలో ఐఈఆర్‌పీలు, అంటే ఈ పిల్లల చదువు చూసే రిసోర్స్ పర్సన్లు, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే లాక్కొస్తున్నారు. ఈ పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం వాళ్లదే, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు తిరగడం వాళ్లదే, వైకల్య ధ్రువపత్రమిచ్చే సదరం క్యాంపుకు తీసుకెళ్లడం వాళ్లదే, ఆన్‌లైన్‌లో ఎక్కించడం కూడా వాళ్లదే. ఇలాంటివాళ్ల అర్హత చూడ్డానికి ముగ్గురితో స్క్రీనింగ్ కమిటీ వేయమని 2025లో కోర్టు అంది. చూడండి, తప్పులేదు. నువ్వు వచ్చేలోపు ఒక పని చెయ్యి: వాళ్లకు ఈ నెల గౌరవ వేతనం పడిందేమో కనుక్కో.