వాడి అల్మరాలో ఇంకా తెల్లారలేదు

"గార్డెనింగ్ రా, జస్ట్ గార్డెనింగ్" అన్నాడు మావాడు. ఈ ఒక్క ముక్క విన్న దగ్గర్నించి నాకు సరిగ్గా నిద్ర పట్టట్లేదు కాబట్టి మీకూ పట్టకూడదని రాస్తున్నా.

మావాడు ఇంట్లో గంజాయి మొక్కలు పెంచుతున్నాడు. కంగారు పడకండి, చట్టం ఒప్పుకునే దేశంలోనే ఉంటాడు, లెక్కప్రకారం ఎన్ని పెంచుకోవచ్చో అన్నే పెంచుతున్నాడు. నా ఏడుపు దాని గురించి కాదు. వీడు గార్డెనర్ ఏంటి అని. వాళ్ళావిడ గులాబీలకి నాలుగు రోజులు నీళ్ళు పొయ్యమని చెప్పి ఊరెళ్తే, తిరిగొచ్చేసరికి కుండీలు మిగిలాయి. ప్లాస్టిక్ మొక్కని కూడా ఎండబెట్టగల హస్తవాసి అది. అలాంటోడు ఇప్పుడు నన్ను కూర్చోబెట్టి మట్టి పీహెచ్, అంటే మట్టిలో పులుపెంతో చెప్పే లెక్క, దాని గురించి క్లాసు పీకుతున్నాడు, ఆరుకీ ఆరున్నరకీ మధ్యలో ఉండాలంట, కొంచెం అటూ ఇటూ అయితే మట్టిలో ఎంత బలం ఉన్నా వేరు తీసుకోలేదంట. మాట కరెక్టే. తన షుగర్ ఎంతుందో మాత్రం తెలీదు మహానుభావుడికి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, వీడిది బెడ్రూం చెట్టు, వైద్యానికి తప్ప ఇంకెందుకూ కాదంటాడు. సరే, నమ్మాం.

అసలు ఈ మొక్క గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషోళ్ళు దీన్ని ముద్దుగా వీడ్ అంటారు, అంటే కలుపు. ఎవడూ నాటకపోయినా, ఎవడూ నీళ్ళు పోయకపోయినా, మనం పీకి పారేసినా మళ్ళీ తల ఎత్తేది కలుపు. హిమాలయాల కింద రోడ్ల పక్కన, చెత్తకుప్పల మీద, ఎవడి పర్మిషనూ అడక్కుండా నిలువెత్తు పెరుగుతుంది ఇది. 1753లో మొక్కలకి పేర్లు పెట్టే లినేయస్ అనే శాస్త్రవేత్త దీనికి కెనాబిస్ సటైవా అని పేరు పెట్టాడు, సటైవా అంటే సాగు చేసేది అని అర్థం. మనిషి అహంకారం అప్పట్నించే ఉందన్నమాట, రోడ్డు పక్కన దానంతటది మొలిచేదానికి కూడా నేనే సాగు చేశా అని బోర్డు పెట్టుకోడం.

ఆ రోడ్డు పక్క మొక్కని మావాడు తీసుకొచ్చి బెడ్రూం అల్మరాలో పెట్టాడు. లోపలంతా వెండిరేకులా మెరిసే గుడ్డతో టెంటు. పైన సూర్యుడి బదులు ఎల్ఈడీ లైటు. గాలి బదులు ఫ్యాను. వాసన పక్కింటోళ్ళకి పోకుండా కార్బన్ ఫిల్టరు. తేమ పెంచడానికి ఒక మిషను, పెరిగిన తేమ తగ్గించడానికి ఇంకో మిషను, రెండూ ఒకేసారి నడుస్తా ఉంటాయి, ఒకటి చేసింది ఇంకోటి చెడగొడతా, అచ్చం ఉమ్మడి కాపురంలా. ఇంతా చేస్తే అల్మరా పక్కనే కిటికీ, కిటికీ అవతల అసలు సూర్యుడు పొద్దున్నించి సాయంత్రం దాకా ఖాళీగా నిలబడి ఉన్నాడు, పాపం ఎవడూ పిలిచే దిక్కు లేదు. 2021లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు అమెరికాలో గోడౌన్లలో పెంచే సరుకుకి లెక్క కట్టారు, కిలో ఎండు పువ్వుకి ప్రాంతాన్ని బట్టి 2283 నుంచి 5184 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన పొగ గాల్లో కలుస్తుందంట. లైట్లు, ఏసీలు, అన్నీ కలిపి. మావాడి అల్మరా ఆ లెక్కలోకి రాదనుకోండి, కానీ ఉద్దేశం అదే. కలుపు మొక్కకి ఏసీ.

ఇంక చెల్లెమ్మ, అదే వాళ్ళావిడ, అల్మరాలో ఉండాల్సిన ఆవిడ బట్టలన్నీ సోఫా మీద గుట్ట. గంజాయివనంలో తులసిమొక్క అని పెద్దలు ఎవర్ని చూసి అన్నారో గానీ, ఆ గుట్ట పక్కన సర్దుకుని కూర్చున్న ఆవిణ్ణి చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నా. తప్పు నాదే. పడుకునే ముందు మావాడు నాకు రూల్స్ చెప్పాడు, గెస్టులకి చెప్పే రూల్స్ కాదు, ఐసీయూ ముందు నర్సమ్మ చెప్పే రూల్స్. ఈ మొక్క పూత మీదకి రావాలంటే రోజుకి 12 గంటలు కటిక చీకటి ఉండాలంట, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా అల్మరాకి రాత్రి. ఆ టైంలో వెలుగు పడితే ఆడమొక్క కంగారుపడి మగపువ్వులు కూడా వేసేస్తుందంట. (అబద్ధం కాదు, నిజంగానే అలా జరుగుతుంది, అందుకే వాణ్ణి ఏమీ అనలేకపోయా.) బాత్రూం ఆ అల్మరా పక్కనుంచే. మీకు అర్థమైంది కదా. రాత్రి రెండింటికి లేచి ఫోన్ టార్చ్ వేశానో లేదో చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా ఫోన్ లాగేసుకుంది. వాడు మేలుకునే ఉన్నాడు! పెళ్ళైన ఇన్నేళ్ళలో పిల్లాడు ఏడిస్తే ఒక్కసారి లేవని వెధవ, మొక్కలకి కాపలా ఉన్నాడు. "ఆపెయ్ రా, పడుకున్నాయి" అని గుసగుసగా అన్నాడు. టీవీ ఎర్ర లైటు మీద నల్ల టేపు. రౌటర్ మీద నల్ల టేపు. నా కాలి బొటనవేలు మంచం కోడుకి కొట్టుకుని నేను కెవ్వుమంటే "ష్ష్" అన్నాడు. నేను కుంటుకుంటా గోడ తడుముకుంటా బాత్రూం అనుకుని వంటింట్లోకి పోయా, అది వేరే కథ.

పొద్దున సరిగ్గా ఆరుకి టైమర్ టిక్కుమంది, అల్మరాలో తెల్లారింది. బయట ఇంకా చీకటే. మావాడు స్నానం చేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, 60 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం పట్టుకుని టెంటులోకి దూరాడు. సగం శరీరం లోపల, సగం బయట. మొత్తం నాలుగు మొక్కలు, ఈ జాతిలో ఆడ వేరు మగ వేరు, కొమ్మ పుట్టిన చోట రెండు తెల్ల వెంట్రుకలు కనపడితే ఆడ, చిన్న గుండు తిత్తి కనపడితే మగ. మేమంతా బయట నిలబడ్డాం, నిజంగా నిలబడ్డాం, చెల్లెమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని, నేను వాచిన వేలితో, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డట్టు. పావుగంటకి లోపల్నించి కేక.

"ఆడపిల్ల!"

వాడి కళ్ళల్లో నీళ్ళు. "ఇంకోటి కూడా ఆడపిల్లే రా!" మూడోదీ ఆడపిల్లే. నాలుగోది చూసి చాలాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చి నేల మీద కూలబడి "మగాడు పుట్టాడు" అన్నాడు. ఆడపిల్ల పుట్టిందని గెంతులేసి, మగపిల్లాడు పుట్టాడని ఇల్లంతా సంతాపం పాటించడం నేను జీవితంలో మొదటిసారి చూశా, అదీ ఒక కుండీ విషయంలో. మగమొక్క పుప్పొడి తగిలితే ఆడపువ్వులన్నీ గింజ కట్టేస్తాయి, పువ్వులో పస తగ్గుతుంది, అందుకని దాన్ని వెంటనే తీసేయాలి. కవర్లో చుట్టి చెత్తబుట్ట దాకా ఊరేగింపుగా తీసుకెళ్ళాడు. "అన్నయ్యా, మా అబ్బాయి పుట్టినరోజు ఈయనకి ఎప్పుడో తెలుసేమో అడగండి" అంది చెల్లెమ్మ మెల్లగా. నేను అడగలేదు. భయమేసింది.

ఇంతవరకు నవ్వుకున్నా. కాఫీ తాగుతా మావాడు ఒక మాట అన్నాడు, అప్పుడు కాలింది. "ఒకప్పుడు దీన్ని పెంచినోళ్ళంతా క్రిమినల్స్ రా. మేం అలా కాదు, మేం హాబీకి పెంచుతాం."

ఒరేయ్. జర్మనీలో 2024 మార్చి 31న ఇంట్లో మూడు మొక్కలుంటే నేరస్తుడు, తెల్లారి ఏప్రిల్ 1న చట్టం మారింది, అవే మూడు మొక్కలు, అదే కుండీ, అదే మనిషి, ఇప్పుడు తోటమాలి. రాత్రికి రాత్రి ఆ మనిషిలో ఏం మారింది చెప్పు? కెనడాలో 2018 నుంచి ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చన్నారు, మరి పాత కేసుల మాటేంటంటే 2019లో క్షమాభిక్ష చట్టం తెచ్చారు, అదీ ఊరికే దగ్గర పెట్టుకున్నందుకు శిక్ష పడ్డోళ్ళకే, వాళ్ళూ అప్లికేషన్ పెట్టుకోవాలి. పెంచినందుకు పడ్డోళ్ళకి ఆ సౌకర్యం లేదు. అంటే నువ్వు చేస్తే హాబీ, నీకంటే ముందు అదే పని చేసినోడి మీద మచ్చ మచ్చగానే ఉండాలి, ఉద్యోగానికి వెళ్తే అడగాలి, వాడు తలొంచుకోవాలి. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కింద గంజాయి మొక్క పెంచితే పదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా, అక్కడ భూతద్దం పెట్టి ఆడా మగా అని చూసేవాడు ఉండడు, పోలీసాయన ఉంటాడు. ఆ బోనులో నిలబడేవాడికి నీలాగ టెంటు లేదు, టైమర్ లేదు, ఇది నా హాబీ సార్ అని చెప్పే నోరు కూడా లేదు. హాబీ అనే మాట కూడా డబ్బున్నోడికే దొరుకుతుందారా? వాళ్ళు జైల్లో కూర్చున్న రోజుల మీద నీ కుండీ పెట్టుకుని వాళ్ళని క్రిమినల్స్ అంటావేంట్రా సిగ్గులేకుండా!

గొంతు బాగా లేచినట్టుంది. చెల్లెమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

మావాడు లేచి వెళ్ళి మెల్లగా అల్మరా తలుపు దగ్గరికి వేసొచ్చాడు.

"అరవకురా, స్ట్రెస్ అయిపోతాయి" అన్నాడు.

నేను గొంతు తగ్గించా.