నూటికి రూపాయే అన్న ఫ్లాట్ రేటు గారికి

అయ్యా ఫ్లాట్ రేటు గారూ,

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి రాయగడలో తమరి సన్నిధికి, అంటే నాకు బండి లోను ఇచ్చిన ఆఫీసుకి వచ్చి నాలుగున్నరకి బయటపడ్డాను. భోజనాల టైము, సర్వర్ డౌను, ఇవన్నీ మామూలే, వదిలేయండి. బండి లోను తీర్చేసి మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కొట్టి ఇంటికెళ్దామని జేబులో 30,000 పెట్టుకొచ్చాను. ఆ 30,000 జేబులోనే ఉంది.

60,000 అప్పు, 12 శాతం, రెండేళ్లు, నెలకి 3,100. ఏడాది కట్టాను కాబట్టి సగం అసలు తీరిందనుకున్నాను. కౌంటర్లో అబ్బాయి స్క్రీన్ చూసి, అసలే ఇంకా 33,000 పైచిలుకు ఉంది, ముందుగా కడుతున్నందుకు చార్జీ వేరే, దాని మీద జీఎస్టీ అన్నాడు. అప్పు తీరుస్తానంటే జరిమానా! సరే, ఆ గొడవ ఇంకోసారి.

నాకు మింగుడుపడనిది ఆ 12. మా నాన్న కాలంలో నూటికి రూపాయి వడ్డీ అంటే రూపాయే. సగం అసలు ఇచ్చేస్తే ఆ నెల నుంచి వడ్డీ కూడా సగమే, షావుకారు ఎంత పీనాసివాడైనా సరే. మీరేమో నేను తీర్చేసిన డబ్బుకి కూడా చివరిదాకా వడ్డీ లాగుతారు. ఆఖరి నెలలో నా దగ్గర మీ డబ్బు మూడు వేల చిల్లర ఉంటుంది, వడ్డీ మాత్రం 60,000 మీద కట్టినట్టు 600.

మా తమ్ముడి కూతురు ఫోన్లో లెక్క వేసింది. తగ్గుతున్న అసలు మీద 12 శాతమైతే నెలకి 2,824 చాలట, మొత్తం వడ్డీ 7,786. మీరు తీసుకునేది 14,400. అంటే తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే ఏడాదికి ఇరవై ఒకటిన్నర శాతం, మన లెక్కలో దగ్గర దగ్గర రూపాయి ఎనభై పైసలు. "ఏపీఆర్ చూడకుండా సంతకం పెట్టేశావా పెదనాన్నా?" అంది. ఏ కాగితంలో చూడాలమ్మా? ఆ ఏపీఆర్, అంటే చార్జీలతో సహా అప్పు మీద ఏడాదికి నిజంగా పడే శాతం, రాసిన కాగితం అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, 2024 అక్టోబరు 1 నుంచి. నేను చదివింది ఒడియా బడి, ఇంట్లో తెలుగు, రెండిట్లో ఏది ఇచ్చినా చదువుకునేవాణ్ణి. నా ముందు పెట్టింది ఇంగ్లీషు, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో, పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేయమన్నారు, చేశాను. తప్పు నాది కూడా.

అయినా ఏం మనిషివయ్యా నువ్వు? రూపాయి ఎనభై అని మొహం మీద చెబితే బేరమాడేవాణ్ణి, కుదరకపోతే పాత సైకిలే తొక్కుకునేవాణ్ణి. నిజంగా రూపాయి వడ్డీకి ఇచ్చేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, వాళ్లని కాదని నీ ఏసీ గదికి వచ్చాను చూడు!

బండి బాగుంది, దాని మీద నాకేం కోపం లేదు. సోమవారం మళ్లీ వస్తాను. మిగతా డబ్బు ఎక్కడో సర్దుతాను. ఆ కాగితం తెలుగులోనో ఒడియాలోనో తీసి పెట్టు, చదివాకే కడతాను.

ఇట్లు,
24లో 12 కట్టినవాడు