కొత్త చిప్ రివర్బ్ ధ్వనిని మార్చదు

చెన్నైలో వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో పనిచేసే తెలుగు సౌండ్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విపరీతంగా తిరుగుతోంది. ఇంటెల్ మ్యాక్ వదిలి ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌కు మారితే పాత ఇంపల్స్ రెస్పాన్సులు (ఐఆర్‌లు, అంటే ఒక గది ప్రతిధ్వనిని పట్టి ఉంచిన ఫైళ్లు) పనికిరావని, వాటితో పాటకు ఆ గది ప్రతిధ్వనిని జోడించే కన్వల్యూషన్ రివర్బ్ ధ్వనే మారిపోతుందని, రివర్బ్ ప్లగిన్లను (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే చిన్న ప్రోగ్రాములను) కొత్త చిప్‌కు మార్చడం ఒక్క బటన్ నొక్కితే అయ్యే పనైనా కంపెనీలు కావాలనే సాగదీశాయని, ఎలాగూ ఇంటెల్‌కు రాసిన ప్రోగ్రాములను కొత్త మ్యాక్‌లో నడిపే ఆపిల్ సాఫ్ట్‌వేర్ రోసెట్టా ఉంది గనక తొందరేమీ లేదని దాని సారాంశం. దాన్ని నమ్మి ఏళ్లుగా పోగుచేసుకున్న ఐఆర్‌లను వదులుకుంటున్నవారు ఉన్నారు కాబట్టి ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పాలి.

ఒక కల్యాణ మండపంలో స్పీకరు పెట్టి, మంద్రం నుంచి తారానికి సాగే స్వీప్ ధ్వనిని వినిపించి, మైకుతో రికార్డు చేసి, అందులోంచి లెక్కకట్టి రాబట్టినదే ఐఆర్. అది మామూలు ఆడియో ఫైలు. ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశం అందులో ఒక్కటీ ఉండదు. ఐఆర్‌లను సొంత ఫార్మాట్‌లో తాళం వేసి ఉంచే ప్లగిన్ల విషయంలో మాత్రం భయానికి కారణం ఉంది, ఎందుకంటే ఆ ప్లగిన్ ఆగిపోతే అవీ చేజారతాయి.

ధ్వని మారుతుందన్న మాటకూ ఆధారం లేదు. కన్వల్యూషన్ అంటే గుణకారాలూ కూడికలే, ఆ లెక్కలకు రెండు చిప్‌లూ పాటించేది ఒకే ఐఈఈఈ 754 ప్రమాణం. కూడికల వరుస మారితే చివరి బిట్లలో తేడా వస్తుంది గాని అది చెవికి అందేది కాదు. ఒకే వెర్షన్ ప్లగిన్‌తో ఒకే సెషన్‌ను రెండు మెషీన్లలో బౌన్స్ చేసి (ఆడియో ఫైలుగా రాసి), ఒకదాని పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి చూడండి; రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వినబడేంత శేషం మిగిలితే చిప్‌ను అనుమానించే ముందు శాంపిల్ రేటును (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్కను), లేటెన్సీ (ఆలస్యం) సర్దుబాటును తనిఖీ చేయాలి.

ఒక్క బటన్ మాట ప్రోగ్రామర్ల శ్రమకు చేసిన అన్యాయం. 48 కిలోహెర్ట్జ్ వద్ద 3 సెకన్ల ఐఆర్‌లో 1,44,000 శాంపిళ్లుంటాయి. నేరుగా లెక్కిస్తే ఒక్క చానెల్‌కే సెకనుకు 691 కోట్లకు పైగా గుణకారాలు కావాలి. అందుకే ఐఆర్‌ను ముక్కలు చేసి ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతితో పని తగ్గిస్తారు. పరిశోధకుడు విలియం గార్డ్‌నర్ 1995లో ప్రచురించిన పద్ధతి ఆలస్యం లేకుండానే దీన్ని సాధించింది. ఆ లోపలి లూపులను చాలామంది ఒకేసారి పలు సంఖ్యలను లెక్కించే ఇంటెల్ ఎస్‌ఎస్‌ఈ, ఏవీఎక్స్ ఆదేశాలతో చేత్తో రాసుకున్నారు. ఆర్మ్ తరహాదైన ఆపిల్ చిప్‌లో వాటి స్థానంలో అలాంటివే అయిన నియాన్ ఆదేశాలతో తిరగరాయాలి, లేదా ఆపిల్ ఇచ్చే యాక్సిలరేట్ లైబ్రరీకి మారాలి. రివర్బ్ తోక సన్నగిల్లేటప్పుడు పుట్టే అతిసూక్ష్మ సంఖ్యలను సున్నా చేసే అమరిక కూడా రెండు చిప్‌లలో వేర్వేరు రిజిస్టర్లలో ఉంటుంది. ఇవన్నీ అయ్యాక మళ్లీ పరీక్షించాలి.

ఇక రోసెట్టా 2 తాత్కాలిక వారధి. మ్యాక్ ఓఎస్ 27 వరకే దాన్ని పూర్తిస్థాయిలో అందిస్తామని ఆపిల్ 2025లో ప్రకటించింది. అందువల్ల ఇంటెల్‌కు మాత్రమే రాసిన రివర్బ్ వాడిన పాత సెషన్లుంటే, అవి ఇప్పుడు తెరుచుకుంటుండగానే రివర్బ్ శబ్దాన్ని విడి ట్రాక్‌గా బౌన్స్ చేసి, రివర్బ్ లేని డ్రై ట్రాక్ పక్కనే భద్రపరచండి.