శ్రీ సీ వైరు గారికి, కేరాఫ్ గోడ లోపల

మహారాజశ్రీ కామన్ వైరు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం ముగ్గురం ఇంట్లోనే స్వెట్టర్లు వేసుకుని క్షేమంగా ఉన్నాం. తమరు గోడలో, ఎండా చలీ తగలని చోట, మాకన్నా క్షేమంగా ఉన్నారని నిన్న రాత్రి పదకొండింటికి తెలిసింది. అంతవరకూ తమరు అసలు లేరనే అనుకున్నాను. లేనివారిని రెండు రోజులపాటు ఎన్నెన్ని మాటలన్నానో ఆ గోడకే తెలుసు.

తప్పు నాదే. గది వేడిని చూసుకుంటూ బాగా నడుస్తున్న పాత థర్మోస్టాట్‌ని పీకి, ఫోన్‌లోంచి తిప్పుకునే కొత్తది పెడదామనుకున్నాను. పాతది గుండ్రటిది, 1953లో హనీవెల్ వాళ్ళు తెచ్చిన మోడల్ వంశంలోది. మూత లాగితే లోపల వాచీ స్ప్రింగులా చుట్టిన లోహపు పట్టీ, దాని మీద చిన్న గాజు గొట్టం, అందులో పాదరసం బొట్టు. గది చల్లబడితే పట్టీ మెలితిరిగి గొట్టం వాలుతుంది. పాదరసం ఒక పక్కకి జారి రెండు తీగల కొసల్ని కలుపుతుంది. కింద ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ అంటుకుంటుంది. అంతే దాని ఉద్యోగం, ఉత్త స్విచ్చు. తన పోషణకంటూ ఎవర్నీ ఏమీ అడిగింది లేదు. పాదరసం ఉన్నదాన్ని చెత్తబుట్టలో వెయ్యకూడదు కాబట్టి ఇప్పటికీ నా బల్ల మీదే కూర్చుని నన్ను చూస్తోంది.

కొత్తది అలా కాదు. తెర వెలగాలి, వైఫై పట్టాలి, ఎదురుగా మనిషి నడిస్తే పలకరించాలి. వీటన్నిటికీ రాత్రింబవళ్ళు కరెంటు కావాలి. ఆ కరెంటు కోసం తమరు కావాలి.

వైర్లు విప్పేముందు ఫొటో తీసుకున్నాను. ఈ రెండు రోజుల్లో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఒక్కో వైరుకీ ఒక అక్షరం పేరున్న స్క్రూ ఉంటుంది. రివాజు ప్రకారం ఎర్రవైరు ఆర్‌కి, తెల్లది డబ్ల్యూకి, పచ్చది జీకి, పసుపుది వైకి. ఆర్ కరెంటు తెచ్చేది, డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జీ ఫ్యానుకి. రెడ్డు, వైటు, గ్రీను, యెల్లో... ఎవరి మొదటి అక్షరం వాళ్ళకే వచ్చింది, చూడముచ్చటగా ఉంది. తమరికి మాత్రం పేరు సీ, రంగు నీలం. అదైనా ఎవరో మర్యాదస్తుడు వైరింగ్ చేసిన ఇంట్లోనే. ఇంకోచోట నలుపు కావచ్చు, మరోచోట ఏది చేతికొస్తే అది. కొన్ని పాత యూనిట్లలో తమరు బీ అనే మారుపేరుతో కూడా తిరుగుతారట. వేడీ చల్లదనం రెండూ ఇచ్చే కొన్ని హీట్ పంపుల్లో ఆ బీ అన్నది వేరే వాల్వుది. పేరు చూసి అక్కడ బిగించినవాడి గతేమిటో తమరికి తెలియనిది కాదు.

రాగికి తన మీద ఏ రంగు తొడుగు ఉందో తెలియదు. ఏ స్క్రూ కింద ఉందన్నదే లెక్క. మా ఇంటికి మొదట వైరింగ్ చేసినాయన ఈ సంగతి నాకు నేర్పడానికే కాబోలు, పసుపుని డబ్ల్యూకీ తెలుపుని వైకీ తగిలించాడు. ఫొటో చూడకుండా రంగు నమ్మి ఉంటే, చలేసి వేడి పెంచిన రోజున బయట ఏసీ మోగేది.

సరే, నాలుగు వైర్లూ బిగించాను. తెర వెలిగింది. మా ఆవిడ కూడా మెచ్చుకుంది. అప్పుడు మొదలైంది అసలు కథ.

అమెరికా, కెనడా ఇళ్ళలో ఈ థర్మోస్టాట్లకి మామూలుగా వచ్చేది 24 వోల్టులే. ఫర్నేస్‌లో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దాని ఒక కొస ఆర్, రెండో కొస తమరు. (గోడలోంచి లావుపాటి వైర్లు వచ్చి వాటి కొసలకి వైర్‌నట్లనే టోపీలు తొడిగి ఉంటే అది 120 వోల్టుల వ్యవహారం, లేదా 240. ఆ గోడకి దణ్ణం పెట్టి మూత మూసెయ్యడమే.) వేడి కావాలంటే థర్మోస్టాట్ ఆర్‌ని డబ్ల్యూతో కలుపుతుంది. కరెంటు డబ్ల్యూ మీదుగా కిందకి దిగి, ఫర్నేస్ బోర్డులో పని చూసుకుని, అక్కడికక్కడే తమరి ద్వారా ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరిపోతుంది. అంటే ప్రతి పనిలోనూ తమరి చెయ్యి ఉంది, మనిషి మాత్రం గోడ దాకా రారు. ఫైళ్ళన్నీ ఆయన బల్ల మీంచే కదలాలి, ఆయన్ని చూసినవాడు లేడు! గోడ మీది కొత్త థర్మోస్టాట్‌కి మాత్రం ఆర్ మీదుగా కరెంటు వస్తుంది, తిరిగి వెళ్ళే దారి లేదు. పద్మవ్యూహంలో అభిమన్యుడు.

అభిమన్యుడికి లేని తెలివి మన థర్మోస్టాట్‌కి ఉంది. దొంగతనం. పని లేకుండా ఖాళీగా ఉన్న వై, డబ్ల్యూ వైర్లలోంచి ఫర్నేస్‌కి తెలియకుండా ఇంత కరెంటు లాగి తన బ్యాటరీ నింపుకుంటుంది. చాలా ఇళ్ళలో ఈ దొంగతనం బయటపడదు. మా ఫర్నేస్ పాతకాలపు మనిషి, చిల్లర లెక్క కూడా చూస్తుంది. ఆ కాస్త కరెంటుకే ‘ఎవరో పిలిచారు’ అనుకుని రాత్రంతా టక్ టక్‌మని రిలే, అదే దాని లోపలి స్విచ్చు, కొట్టుకుంది. తెల్లారేసరికి బ్యాటరీ అయిపోయింది, తెర నల్లబడింది, ఇల్లు చల్లబడింది.

“పాతది బానే పనిచేసిందిగా?” అంది మా ఆవిడ. అంతే అంది. ఇంకో మాట అని ఉంటే బావుండేది.

ఆదివారం వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకుని కిందకి దిగాను. బోర్డు మీద సీ అనే స్క్రూ తళతళలాడుతూ ఖాళీగా ఉంది. ఆర్‌కీ సీకీ మధ్య కొలిస్తే 26 వోల్టులు, లక్షణంగా ఉంది. ఆ సంతోషంలో చెయ్యి జారింది. మీటరు వైరు కొస రెండు స్క్రూలనీ కలిపేసింది. చప్పుడంటూ ఏమీ లేదు, బోర్డు మీది చిన్న లైటు ఆరిపోయిందంతే. కార్లలో ఉంటుందే, అలాంటి ఊదారంగు ఫ్యూజు, 3 ఆంపియర్లది, ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడి తాను పోయింది. కారులో అలాంటిదే ఒకటి అదనంగా ఉంటే తెచ్చి గుచ్చాను.

రాత్రి పదకొండు. కొత్త కేబుల్ లాగించాల్సిందే అనుకుని పాత రంధ్రంలోకి చూస్తున్నాను. మా అమ్మాయి ఫోన్ లైటు పట్టుకుంది. “నాన్నా, అదేంటి చుట్టుకుని ఉంది?”

కేబుల్‌ని ఒక అంగుళం బయటికి లాగాను. బూడిదరంగు తొడుగు చుట్టూ, తీగపాకినట్టు, నాలుగు చుట్లు చుట్టుకుని, కొస కూడా ఒలవకుండా, నీలంగా... తమరు! పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే విన్నాను, గోడలో పెట్టుకుని వెతకడం ఇదే మొదలు.

పరుగున కిందకి వెళ్ళి చూస్తే అక్కడా అంతే. కేబుల్ రెండో కొసన కూడా చుట్టుకుని నిద్ర. విప్పి, అరంగుళం ఒలిచి, సీ స్క్రూ కింద బిగించాను. పైకొచ్చి ఈ కొస ఒలుస్తుంటే రాగి పోయి ఎర్రవైరుకి తగిలింది. బ్రేకర్ ఆపాను కదా అని ధీమా. నేను ఆపింది బయట ఉన్న ఏసీ యూనిట్ బ్రేకర్. తమరికి కరెంటిచ్చేది ఫర్నేస్ బ్రేకర్. కారులో ఇంకో ఫ్యూజు లేదు.

ఇక మన్నించాలి, రెండో ఫ్యూజు పోయాక గారూ తమరూ అనే ఓపిక నాకు లేదు. ఒరే కామన్, ఇన్నేళ్ళూ గోడలో కూర్చుని వింటూనే ఉన్నావు కదా, ఒక్కసారి దగ్గితే నీ సొమ్మేం పోయేది?

ఈ పొద్దున ఫ్యూజులు తెచ్చాను, ఈసారి ప్యాకెట్టే. సరైన బ్రేకర్ ఆపాను. నిన్ను సీ కింద బిగించాను. గోడలోంచి వచ్చే చలిగాలి తగిలి థర్మోస్టాట్ మోసపోకుండా రంధ్రాన్ని పుట్టీతో పూడ్చాను. పూడ్చేముందు పాత బాకీ కింద నిన్నో మాట అన్నాను కూడా. తెర వెలిగింది. టక్ టక్ లేదు.

ఇట్లు,
స్వెట్టరు విప్పిన
మీ ఇంటి యజమాని

తా.క.: నీ పక్కన గోధుమరంగు వైరు ఇంకొకటి చుట్టుకుని ఉంది. దాన్ని నేనేమీ అడగలేదు.