పన్నెండొందల తుప్ప

పన్నెండొందలు పోసి తుప్పని కొన్నాను. నవ్వుకోండి, పర్లేదు.

విజయనగరంలో ఒక నర్సరీ. జానెడు కుండీ, వంకర మాను, గోరంత తెల్లపూలు. చూడగానే పడిపోయాను. "చైనీస్ టీ బోన్సాయ్ సార్, ఏసీ గదిలో పెట్టుకోవచ్చు, రెండ్రోజులకోసారి గ్లాసుడు నీళ్లు చాలు" అన్నాడు నర్సరీవాడు. అలాగే పెట్టాను. పదోరోజుకల్లా ఆకులన్నీ జలజలా రాలాయి. ఫోన్ చేస్తే మా ఇంటి గాలి పడలేదట!

సంక్రాంతికి పలాస దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. మిగిలిన నాలుగాకుల్లో ఒకటి తుంపి, వేలితో రాసి చూసింది. ముదురాకుపచ్చ, నున్నటి మెరుపు, పైన ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు, కొసన రంపప్పళ్లలా చిన్న నొక్కులు.

"ఇది బాపనబూరి కాదేట్రా? మన మెట్ట మీద తుప్పలే కదా. దీనికి డబ్బులెట్టావా?"

వెతికితే అమ్మ మాటే నిజం. చైనాలోని ఫుజియాన్ పేరుమీద దీన్ని 'ఫుకియన్ టీ' అని అమ్ముతున్నారు. అక్కడా పెరుగుతుంది, కాదనను. ఫిలిప్పీన్స్‌లో కడుపునొప్పికి ఈ ఆకు కషాయం తాగుతారు. కానీ మన నేలమీదా పుట్టిందే. ఒకప్పుడు సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని పరిశీలించిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దీనికి ఎహ్రీషియా బక్సిఫోలియా అని శాస్త్రీయనామం పెట్టాడు. కార్మోనా రెటుసా అని కూడా అంటారు. మన నక్కెర చెట్టుకి చుట్టమే. (నక్కెరపండు జిగురుతో పుస్తకాలకి అట్టలంటించిన వాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ?)

నా కోపం డబ్బు గురించి కాదు. సరే, కొంచెం డబ్బు గురించే. అసలు మంట ఏంటంటే, రాళ్ల మధ్య ఎండలో బతికేదాన్ని ఏసీలో పెట్టమని చెప్పడం. అమ్మేవాడికీ తెలీదు, కొన్న నాకూ తెలీదు. తెలిసిన మా అమ్మని అడిగేవాడు లేడు. కత్తిరించేకొద్దీ గుబురుగా వచ్చే మొక్క ఇది, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. కంచెకి ఇలాంటిది వేసుకోవచ్చు కదా. మా అపార్ట్‌మెంట్ గోడ వెంబడి మాత్రం కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు వేశారు, ఇప్పుడు పీకాలని మీటింగులు.

అమ్మ కుండీని డాబా మీద పెట్టి, రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసింది. మూడో వారానికి కణుపు కణుపుకీ చిగురు. నర్సరీవాడు గుచ్చిన ప్లాస్టిక్ చీటీ ఇంకా మట్టిలోనే ఉంది. 'చైనీస్ టీ. నీడలో ఉంచవలెను.' ఎండకి అక్షరాలు వెలిసిపోతున్నాయి.